ఎవరో చూస్తున్నారంటే చేతులు శుభ్రం.. చూడకపోతే? ఆసుపత్రుల్లో 'హాథార్న్ ఎఫెక్ట్' కథ ఇదీ!

ఆసుపత్రి వార్డు. పొద్దున్నే రౌండ్స్ టైమ్. చేతిలో ప్యాడ్, పెన్ను పట్టుకుని ఒకావిడ వచ్చి నర్సింగ్ స్టేషన్ పక్కన నిలబడ్డారు. ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు, ఊరికే చూస్తున్నారంతే. కానీ రెండు నిమిషాల్లో వార్డంతా మారిపోయింది. గోడకున్న శానిటైజర్ డబ్బా టక్‌టక్‌మని మోగడం మొదలైంది. డాక్టర్లు, నర్సులు, వార్డ్ బాయ్స్ అందరూ చేతులు రుద్దుకుంటున్నారు. ఎందుకంటే ఆవిడ ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్స్ అని అందరికీ తెలుసు. ఆవిడ వెళ్లిపోయాక ఆ డబ్బా చప్పుడు మళ్లీ తగ్గిపోతుంది.

ఇది ఏదో ఒక ఆసుపత్రిని ఉద్దేశించి చెబుతున్న కథ కాదు. అమెరికా, కెనడా, జర్మనీ.. ఎక్కడ లెక్క తీసినా దాదాపు ఇదే కనిపించింది. నిఘా ఉన్నప్పుడు చేతుల శుభ్రత ఒకలా, లేనప్పుడు ఇంకోలా ఉంటోంది. ఆ రెండింటి మధ్య తేడా కూడా చిన్నది కాదు.

57 శాతం ఎక్కడ.. 22 శాతం ఎక్కడ!

అమెరికాలోని కాలిఫోర్నియాలో శాంటా క్లారా వ్యాలీ మెడికల్ సెంటర్ అనే ఆసుపత్రి ఉంది. అక్కడి ఇన్ఫెక్షన్ నివారణ విభాగం వాళ్లు ఒక పని చేశారు. సిబ్బంది చేతులు శుభ్రం చేసుకుంటున్నారా లేదా అన్నది రెండు రకాల మనుషులతో లెక్కపెట్టించారు. ఒక బృందంలో సిబ్బందికి బాగా తెలిసిన ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సులున్నారు. రెండో బృందంలో ఎవరూ గుర్తుపట్టని కుర్ర వాలంటీర్లున్నారు.

తెలిసిన నర్సులు చూసినప్పుడు లెక్క 57 శాతం వచ్చింది. అదే ఆసుపత్రిలో ముక్కూమొహం తెలియని వాలంటీర్లు చూసినప్పుడు 22 శాతమే. 2016లో అమెరికా ఇన్ఫెక్షన్ నివారణ నిపుణుల సదస్సులో వాళ్లే ఈ లెక్క బయటపెట్టారు. తమ ఆసుపత్రి పరువు పోతుందని దాచుకోకుండా చెప్పినందుకు వాళ్లను మెచ్చుకోవాలి. ఎందుకంటే మామూలుగా బయటికొచ్చేది ఆ మొదటి నంబరే.

అంతకు పదేళ్ల ముందే, 2006లో జర్మనీ పరిశోధకులు ఐసీయూల్లో ఇలాంటి పరీక్షే చేశారు. సిబ్బందికి తెలియకుండా చూస్తే 29 శాతం. 'మేం చూస్తున్నాం' అని చెప్పి చూస్తే 45 శాతం. మనుషులూ వాళ్లే, పనీ అదే. తేడా అల్లా చూస్తున్నారన్న సంగతి తెలియడమే.

ఇంతకీ ఈ 'హాథార్న్' ఎవరు?

చాలామంది ఇదేదో సైంటిస్ట్ పేరనుకుంటారు. కాదు, అదో ఫ్యాక్టరీ పేరు. షికాగో పక్కన సిసెరో అనే ఊళ్లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ వర్క్స్ అనే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. టెలిఫోన్ పరికరాలు తయారుచేసేవాళ్లు. 1924లో అక్కడ ఓ ప్రయోగం మొదలైంది. లైట్ల వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అని చూద్దామనుకున్నారు. వెలుతురు పెంచారు, పని పెరిగింది. తగ్గించారు, అప్పుడూ పెరిగిందట! ఇదేంటని తల గోక్కుని, చివరికి తేల్చిందేమిటంటే, లైటు కాదు, తమ మీద ఎవరో శ్రద్ధ పెట్టి చూస్తున్నారన్న భావనే కార్మికులను మార్చిందని. ఇదే రకం ప్రయోగాలు 1930ల మొదటి వరకూ సాగాయి. 1958లో హెన్రీ లాండ్స్‌బెర్గర్ అనే పరిశోధకుడు ఈ పాత ప్రయోగాలను తిరగేస్తూ రాసిన పుస్తకంతో 'హాథార్న్ ఎఫెక్ట్' అన్న మాట స్థిరపడింది.

ఇక్కడో ట్విస్ట్ ఉంది. పోయాయనుకున్న ఆ లైట్ల ప్రయోగం లెక్కలను స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మళ్లీ వెతికి పట్టుకుని పరీక్షించారు. తేలిందేంటంటే, పుస్తకాల్లో చెప్పుకున్నంత గొప్ప మార్పేమీ ఆ అంకెల్లో లేదు. లైట్లు మార్చింది ఎక్కువగా ఆదివారాలు. సోమవారం పని ఎలాగూ ఎక్కువ జరుగుతుంది. లైట్లు మార్చని వారాల్లో కూడా అంతే! అంటే హాథార్న్ ఎఫెక్ట్ అసలు హాథార్న్‌లోనే గట్టిగా కనిపించలేదన్నమాట. కానీ ఆసుపత్రుల్లో మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. పేరు తప్పు చోటు నుంచి వచ్చినా సంగతి మాత్రం నిజమే.

చేతులే కదా.. అంత పెద్ద విషయమా?

అవును, పెద్ద విషయమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం, ఆసుపత్రిలో చేరే ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో 7గురికి, పేద, మధ్యాదాయ దేశాల్లో 15 మందికి కనీసం ఒక్క ఇన్ఫెక్షన్ అయినా ఆసుపత్రిలోనే అంటుకుంటోంది. అలా అంటుకున్నవాళ్లలో సగటున 10 మందిలో ఒకరు చనిపోతున్నారు. రోగం తగ్గించుకుందామని వెళ్లి కొత్త రోగం తెచ్చుకోవడమన్నమాట. చేతుల శుభ్రత, ఇతర జాగ్రత్తలు సరిగ్గా పాటిస్తే ఇందులో 70 శాతం వరకూ ఆపొచ్చని ఆ నివేదికే చెబుతోంది.

ఈ సంగతి ఇవాళ కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. 1847లో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్, శవాలను కోసి నేరుగా కాన్పు వార్డుకు వస్తున్న విద్యార్థులతో క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో 18 శాతం పైగా ఉన్న బాలింతల మరణాలు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి పడిపోయాయి. తోటి డాక్టర్లలో చాలామంది ఆయన మాట వినలేదు. 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడాయన.

లెక్క ఎలా కడతారంటే..

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 'ఐదు సందర్భాలు' అని ఉంటాయి. పేషెంట్‌ను ముట్టుకునే ముందు, ఇంజెక్షన్, క్యాథెటర్ లాంటి శుభ్రంగా చేయాల్సిన పనికి ముందు, రక్తం లాంటి ద్రవాలు అంటుకునే అవకాశం ఉన్న పని తర్వాత, పేషెంట్‌ను ముట్టుకున్న తర్వాత, పేషెంట్ చుట్టూ ఉన్న వస్తువులను ముట్టుకున్న తర్వాత. ఇలాంటి సందర్భాలు ఎన్ని వచ్చాయి, అందులో ఎన్నిసార్లు చేతులు శుభ్రం చేసుకున్నారు అన్నదే శాతం. చూసేవాళ్లు ఒక చోట సుమారు 20 నిమిషాలు నిలబడి గుర్తులు పెట్టుకుంటారు. చూడటానికి ఇది చాలా పాతకాలం పద్ధతిలా ఉంటుంది. కానీ 'ముట్టుకునే ముందా, తర్వాతా' అన్న తేడా మనిషి కన్నే బాగా పట్టుకుంటుంది కాబట్టి దీన్నే ప్రామాణికంగా తీసుకుంటారు. చిక్కల్లా ఒక్కటే, ఆ కన్ను అందరికీ కనిపిస్తుంది!

కెనడాలోని టొరంటోలో ఈ చిక్కును నేరుగా కొలిచారు. అక్కడి వార్డుల్లో శానిటైజర్ ఎన్నిసార్లు నొక్కారో ఎలక్ట్రానిక్‌గా రికార్డ్ అయ్యే సిస్టమ్ పెట్టారు. ఆడిటర్ ఏ టైమ్‌లో ఎక్కడున్నారో కూడా తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆడిటర్ కంటికి కనిపించే కారిడార్‌లో శానిటైజర్ వాడకం, ఆడిటర్ లేనప్పటితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉంది. ఆ పెరుగుదల కూడా ఆడిటర్ వచ్చాకే మొదలైంది, ఆడిటర్ కనిపించే చోటికే పరిమితమైంది. 2014లో ఈ పరిశోధన బయటికొచ్చింది. అప్పటికే అక్కడి ప్రభుత్వం ఆసుపత్రుల వారీగా చేతుల శుభ్రత శాతాలను జనానికి ప్రకటిస్తోంది. ఆ శాతాలను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్నను ఆ పరిశోధకులే లేవనెత్తారు.

నిజానికి ఇక్కడే అసలు ప్రమాదం ఉందనిపిస్తుంది. 'మా దగ్గర 90 శాతం' అని బోర్డు మీద రాసుకున్న ఆసుపత్రి ఇక ఆ విషయంలో చేయాల్సిందేమీ లేదనుకుంటుంది. చూడని వేళ లెక్క అందులో సగమే అయితే, ఆ మిగతా సగం ఎవరి ఖాతాలో పడుతుంది? బెడ్ మీద పడుకున్న పేషెంట్ ఖాతాలోనే.

న్యూయార్క్ ఐసీయూ.. ఇండియా నుంచి కాపలా!

మనిషి వచ్చి నిలబడితేనే సమస్య కదా, కెమెరా పెట్టేస్తే పోలా? ఈ ఆలోచన న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని నార్త్ షోర్ యూనివర్సిటీ హాస్పిటల్‌కు వచ్చింది. అక్కడి మెడికల్ ఐసీయూలో వాష్‌బేసిన్లు, శానిటైజర్ డబ్బాలు కనిపించేలా కెమెరాలు పెట్టారు. గది గుమ్మంలో సెన్సర్లు ఉంటాయి. ఎవరైనా లోపలికి వెళ్లినా, బయటికి వచ్చినా వీడియో ముక్క రికార్డ్ అవుతుంది. ఆ వీడియోలు ఎక్కడికి వెళ్లేవో తెలుసా? మన ఇండియాకే! ఇక్కడ కూర్చున్న ఉద్యోగులు ఆ వీడియోలు చూసి, ఆ డాక్టరమ్మ, ఆ నర్సు చేతులు శుభ్రం చేసుకున్నారా లేదా అని టిక్కులు పెట్టేవాళ్లు. అమెరికా పత్రికలు అప్పట్లో దీన్ని బాగానే రాశాయి.

2012లో ప్రచురించిన ఆ ఫలితాలు చూస్తే కళ్లు తిరుగుతాయి. మొదటి 16 వారాలు కెమెరాలు రికార్డ్ చేశాయి కానీ స్కోర్ ఎంతో సిబ్బందికి చూపించలేదు. అప్పుడు వచ్చిన లెక్క 6.5 శాతం. పొరపాటున సున్నా మర్చిపోయి రాయలేదు, ఆరున్నరే! లోపలికి వెళ్లేటప్పుడు, బయటికొచ్చేటప్పుడు 10 సెకన్ల లోపు శుభ్రం చేసుకోవాలన్న గట్టి కొలత పెట్టారు కాబట్టి కూడా అంత తక్కువ వచ్చి ఉండొచ్చు. ఆ తర్వాత కారిడార్లో ఎల్‌ఈడీ బోర్డులు పెట్టి, ఎప్పటికప్పుడు స్కోర్ చూపించడం మొదలుపెట్టారు. క్రికెట్ స్కోర్‌బోర్డు చూసినట్టు. తర్వాతి 16 వారాల్లో లెక్క 81.6 శాతానికి ఎగబాకింది. ఆపైన ఏడాదికి పైగా 87.9 శాతం దగ్గర నిలబడింది.

అంటే కెమెరా ఉన్నంత మాత్రాన పని జరగలేదు. కెమెరా చూసింది తిరిగి వాళ్లకే కనిపించినప్పుడు జరిగింది. ఈ తేడా చాలామంది గమనించరు. సీసీ కెమెరాలు పెట్టించేసి చేతులు దులుపుకునే ఆఫీసులు మనకు తెలియనివా?

కెమెరా తీసేస్తే ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు మాత్రం కాస్త కంగారు పెట్టేదే. అమెరికాలో 42 ఆసుపత్రుల్లో 5,000 మందికి పైగా సిబ్బంది మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. ఒక్కో ఉద్యోగి చేతుల శుభ్రతను బ్యాడ్జీల ద్వారా ఎలక్ట్రానిక్‌గా గమనించే సిస్టమ్ పెట్టారు. మొదట లెక్క బాగానే పెరిగింది. సుమారు రెండేళ్ల తర్వాత మెల్లగా తగ్గడం మొదలైంది. ఇక నిఘా పూర్తిగా తీసేసిన చోట ఏమైందంటే, లెక్క పాత స్థాయికి కాదు, నిఘా పెట్టకముందు కంటే కిందికి పడిపోయింది!

పిల్లలున్న ఇంట్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. నాన్న ఇంట్లో ఉంటేనే పుస్తకం తీసే పిల్లాడు నాన్న ఊరెళ్తే బ్యాగ్ కూడా ముట్టుకోడు. తనంతట తాను చదివే అలవాటు కాస్తా, ఎవరో చూస్తే చదివే అలవాటుగా మారిపోతుంది. ఆ సిబ్బందిలోనూ ఇలాంటిదే జరిగి ఉంటుందనిపిస్తోంది.

మరి భయం? షికాగో యూనివర్సిటీ ఆసుపత్రిలో ఆటోమేటిక్ సిస్టమ్ కరోనా కాలమంతా లెక్క రాసింది. 2020 మార్చి చివర్లో, కరోనా గురించి ఎవరికీ ఏమీ తెలియని రోజుల్లో, ఒక రోజు 92.8 శాతం వచ్చింది. అదే ఏడాది ఆగస్టుకల్లా 51.5 శాతానికి జారిపోయింది. అప్పటికి కరోనా ఎక్కడికీ పోలేదు. భయం మాత్రమే పాతబడింది.

మధ్యలో ఒక తమాషా ప్రయోగం కూడా చెప్పుకోవాలి. మయామీలో ఒక సర్జికల్ ఐసీయూలో శానిటైజర్ పైన మనిషి కళ్ల ఫొటో అతికించి చూశారు. మగ కళ్ల ఫొటో ఉంటే వాడకం పెరిగింది, ఆడవాళ్ల కళ్లుంటే పెరగలేదు! అంతకన్నా బాగా పనిచేసింది ఏంటో తెలుసా? నిమ్మ వాసన. గదిలో సిట్రస్ సువాసన వచ్చేలా చేస్తే చేతులు శుభ్రం చేసుకునేవాళ్లు బాగా పెరిగారు. 2016లో వచ్చిన చిన్న ప్రయోగమిది, దీన్ని నమ్మి గోడల నిండా కళ్లు అతికించేయక్కర్లేదు. కానీ చూస్తున్నారన్న ఊహ కూడా ఎంతో కొంత పనిచేస్తుందన్నది ఆసక్తికరమే.

వాళ్లేమీ బద్ధకస్తులు కాదు

ఇంతవరకూ చదివాక డాక్టర్లు, నర్సుల మీద కోపం రావడం సహజం. కానీ ఒక్క నిమిషం. సబ్బుతో సరిగ్గా కడగాలంటే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. ఐసీయూలో గంటకు 20 సార్లు ఆ అవసరం వచ్చిందనుకోండి. గంటలో దాదాపు 20 నిమిషాలు వాష్‌బేసిన్ దగ్గరే! అందుకే 20-30 సెకన్లలో అయిపోయే ఆల్కహాల్ హ్యాండ్‌రబ్ వచ్చింది. జెనీవా యూనివర్సిటీ ఆసుపత్రుల్లో డిడియర్ పిట్టే అనే డాక్టర్ ఈ మార్పు తెచ్చారు. హ్యాండ్‌రబ్‌ను పేషెంట్ బెడ్ పక్కనే పెట్టించారు, వార్డుల్లో పోస్టర్లు వేయించారు. 1994లో 48 శాతం ఉన్న లెక్క 1997కి 66 శాతం అయింది. ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు 1994లో ఉన్న 16.9 శాతం నుంచి 1998కి 9.9 శాతానికి తగ్గాయి. ఆయన బృందమే గమనించిన ఇంకో విషయం, పని ఒత్తిడి ఎంత పెరిగితే చేతుల శుభ్రత అంత తగ్గుతుంది. అంటే పేషెంట్‌కు ఎక్కువ అవసరమైన వేళే ఇది జారిపోతోంది.

అలసట సంగతి కూడా లెక్కతో సహా తేలింది. అమెరికాలోని 35 ఆసుపత్రుల్లో 4,000 మందికి పైగా సిబ్బందిని గమనిస్తే, 12 గంటల షిఫ్ట్ మొదట్లో కన్నా చివర్లో చేతుల శుభ్రత 8.7 శాతం పాయింట్లు పడిపోయింది. 2015లో వచ్చిన లెక్క ఇది. నలుగురు చేయాల్సిన పని ఇద్దరు చేసే మన వార్డుల్లో ఈ లెక్క తీస్తే ఎంత వస్తుందో ఊహించుకోవచ్చు.

ఇంకోటి, ముట్టుకున్న 'తర్వాత' కడుక్కునేవాళ్లు ముట్టుకునే 'ముందు' కడుక్కునేవాళ్ల కంటే ఎక్కువగా కనిపిస్తారు. తర్వాత కడుక్కుంటే తనకు రక్షణ, ముందు కడుక్కుంటే పేషెంట్‌కు రక్షణ. ఇది కావాలని చేసే స్వార్థం కాదు, చెయ్యి మురికైందన్న చిరాకు మనకు ముట్టుకున్నాకే వస్తుంది. కానీ 2011లో వచ్చిన ఒక ప్రయోగం ఆశ పుట్టిస్తుంది. శానిటైజర్ పైన 'మీకు జబ్బు రాకుండా' అని ఒక చోట, 'పేషెంట్లకు జబ్బు రాకుండా' అని ఇంకో చోట బోర్డు పెట్టి చూస్తే, పనిచేసింది రెండోదే. ఒక్క పదం మార్చారంతే, కాపలా మనిషి అక్కర్లేకపోయింది.

మన దగ్గర పరిస్థితి?

మన దేశంలో నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లో చేతుల శుభ్రత శాతం కూడా చూపించాల్సిన లెక్కల్లో ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రుల కోసం 2015లో వచ్చిన కాయకల్ప్ పథకంలోనూ ఇన్ఫెక్షన్ నియంత్రణకు మార్కులుంటాయి. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జనవరిలో ప్రత్యేకంగా జాతీయ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. తనిఖీ బృందం వచ్చే రోజు ఆసుపత్రి ఎలా మెరిసిపోతుందో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. అందుకే ఒక్క రోజు తనిఖీ అంకెను మాత్రమే నమ్మకుండా, హ్యాండ్‌రబ్ నెలకు ఎన్ని లీటర్లు ఖర్చయిందో కూడా చూడాలంటారు నిపుణులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొండగుర్తు, 1,000 పేషెంట్-రోజులకు కనీసం 20 లీటర్లు. అంటే 100 మంది పేషెంట్లు పది రోజులుంటే 20 లీటర్లన్నమాట. ఎవరెప్పుడు నొక్కారో ఇది చెప్పదు. కానీ స్టోర్ రూమ్ రిజిస్టర్ ఎవరినీ చూసి సిగ్గుపడదు కదా!

మన వార్డుల్లో ఇంకో చెయ్యి కూడా ఉంటుంది, అటెండెంట్‌ది. పేషెంట్‌ను పక్కకు తిప్పేదీ, అన్నం తినిపించేదీ, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసేదీ చాలాసార్లు ఇంటివాళ్లే. పక్క బెడ్ ఆవిడకు సాయం చేయమంటే చేసేదీ మనమే. ఈ చేతుల లెక్క ఏ ఆడిటర్ ప్యాడ్‌లోనూ ఉండదు.

రెండేళ్ల కిందట మా అమ్మమ్మను ఒక ఆసుపత్రిలో చేర్చాం. రౌండ్స్‌కొచ్చిన డాక్టర్ గారు పక్క బెడ్ పేషెంట్ డ్రెస్సింగ్ చూసి, నేరుగా వచ్చి అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నారు. శానిటైజర్ ఆయన మోచేతికి అడుగు దూరంలోనే ఉంది. 'సార్, ఒక్కసారి..' అని నోటిదాకా వచ్చింది. ఆయన పెద్దాయన, పైగా మంచి డాక్టర్ అని పేరు. ఏమనుకుంటారో, ట్రీట్‌మెంట్ మీద ప్రభావం పడుతుందేమోనని ఊరుకున్నా. పేషెంట్లే డాక్టర్లను అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో రాసి ఉంది. రాసినంత తేలిక కాదు.

అమ్మమ్మకు ఏమీ కాలేదు, వారానికి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత రెండోసారి వెళ్లినప్పుడు నేను చేసిందల్లా, డాక్టర్ గారు బెడ్ దగ్గరికి రాగానే నేనే ముందు డబ్బా నొక్కి నా చేతులు రుద్దుకోవడం. ఆయన ఒకసారి నావైపు చూసి, తనూ చెయ్యి చాపారు. హాథార్న్ ఎఫెక్టో, మర్యాదో తెలీదు. ప్రతి ఏటా మే 5న ప్రపంచ చేతుల శుభ్రత దినం జరుపుతారు. ఆ రోజు మీవాళ్లెవరైనా ఆసుపత్రిలో ఉంటే డబ్బా చప్పుడు వినండి. మే 6న కూడా వినండి.